ఇంట్లో ప్రింటర్ కార్ట్రిడ్జ్‌లో ఇంకు ఎప్పుడు నింపాలి?

బెంగళూరులో మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇంక్‌జెట్ ప్రింటర్ ఉందంటే అది చాలావరకు పిల్లల స్కూల్ కోసం కొన్నదే. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులకని కొన్నవి ఇప్పటికీ చాలా ఇళ్లలో నడుస్తున్నాయి. వారానికి నాలుగు వర్క్‌షీట్లు, ఎప్పుడో ఒక ప్రాజెక్టు బొమ్మ, పదకొండు నెలలకోసారి రెంటల్ అగ్రిమెంట్ డ్రాఫ్టు, ఊరెళ్లేటప్పుడు బస్సు టికెట్. ఈమాత్రం వాడకానికి ప్రతిసారీ కొత్త కార్ట్రిడ్జ్ ఏం కొంటాంలే అని సిరంజి, ఇంకు సీసాలు తెచ్చుకుంటాం. ఎలా నింపాలో చూపించే వీడియోలు కోకొల్లలు. ఎప్పుడు నింపాలో చెప్పేవాళ్లే తక్కువ. నన్నడిగితే ఇందులో అసలు కిటుకంతా ఆ 'ఎప్పుడు'లోనే ఉంది.

ఇంకు చౌక. మామూలు వాడకానికి ఒక సీసా కొంటే చాలాకాలం వస్తుంది. ఖరీదైనది ఆ ఇంకును కాగితం మీదికి చిమ్మే హెడ్. చివరి చుక్కదాకా లాగిద్దామనుకునేవాళ్లు రూపాయి కోసం చూసుకుని అసలుకే ఎసరు తెచ్చుకుంటారు. అలాగని స్క్రీన్ మీద మెసేజ్ రాగానే సిరంజి పట్టుకుంటే, కార్ట్రిడ్జ్ లోపల ఇంకా సగం నిండి ఉన్న ఇంకు గదిలో మళ్లీ పోసి, అది పొంగి, పసుపులో నీలం కలిసి కొత్త తలనొప్పి మొదలవుతుంది. ఈ రెంటికీ మధ్య సరైన సమయం ఒకటుంది. దాన్ని పట్టుకోవడానికి టిష్యూ పేపరు, ఒక టెస్ట్ పేజీ, వీలైతే చిన్న డిజిటల్ కాటా చాలు.

మొదటి పని: హెడ్ ఎక్కడుందో చూడండి

ప్రింటర్ ఆన్‌లో ఉండగా మూత తెరవండి. కార్ట్రిడ్జ్‌లు మధ్యకు వచ్చి ఆగాక ఒకదాన్ని బయటికి తీయండి. అడుగున గోరంత మెరిసే పట్టీ, ఒక పక్కన రాగి రంగులో చుక్కలు వరుసగా కనిపిస్తే హెడ్ కార్ట్రిడ్జ్‌లోనే ఉన్నట్టు. హెచ్‌పీ డెస్క్‌జెట్‌లలో వాడే 680, 803, 805, క్యానన్‌లో పీజీ 745, సీఎల్ 746 ఈ రకానివే. ఒకటి నలుపు, రెండోది మూడు రంగులది, మొత్తం రెండే ఉంటాయి. ఇళ్లలో రీఫిల్ చేసుకునేవి ఎక్కువగా ఇవే కాబట్టి ఇక్కడ చెప్పేది చాలామటుకు వీటి గురించే.

నాలుగు రంగులకు నాలుగు విడి కార్ట్రిడ్జ్‌లు ఉండి, వాటి అడుగున ఇంకు బయటికొచ్చే ఒక రంధ్రం మాత్రమే కనిపిస్తే హెడ్ మెషిన్‌లో ఉందని అర్థం. పక్కన గాజులాంటి డబ్బాల్లో ఇంకు కనిపిస్తుంటే అది ట్యాంక్ ప్రింటర్. ఈ రెండు రకాల సంగతి చివర్లో చూద్దాం, ట్యాంక్ ఉన్నవాళ్లకు పని తేలిక.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, హెచ్‌పీ, క్యానన్ కార్ట్రిడ్జ్‌లలో ఇంకు చిమ్మేది వేడితో. వెంట్రుక మందం కూడా లేని రంధ్రాలు అడుగున వరుసలుగా ఉంటాయి. ఒక్కో దాని వెనక ఒక చిన్న హీటర్. అది క్షణంలో వెయ్యో వంతు కూడా పట్టకుండా ఇంకును మరిగించి బుడగ చేస్తుంది, ఆ బుడగ ముందున్న చుక్కను బయటికి తోస్తుంది. వెంటనే వెనకనుంచి వచ్చే కొత్త ఇంకు ఆ హీటర్‌ను చల్లబరుస్తుంది. ఇంకు రాకపోతే? హీటర్ ఊరికే వేడెక్కుతుంది. అలా ఎండు మీద నడిచిన రంధ్రాలు కొన్ని కాలిపోతాయి, తర్వాత ఎంత ఇంకు పోసినా తిరిగి రావు. 1984లో హెచ్‌పీ థింక్‌జెట్‌తో ఈ పద్ధతి మార్కెట్లోకి వచ్చినప్పుడే ఇంకు అయిపోతే హెడ్‌తో సహా పారేయాలన్నది దాని లెక్క. మనం దాని చేత రెండో మూడో జన్మలు ఎత్తిస్తున్నాం, కాబట్టి కాస్త జాగ్రత్త మన వంతు.

రెండో పని: మెసేజ్‌ను పూర్తిగా నమ్మకండి, పూర్తిగా కొట్టిపారేయకండి

'ఇంకు తక్కువగా ఉంది' అని ప్రింటర్ చెప్పేటప్పుడు అది లోపలికి తొంగిచూసి చెప్పడం లేదు. ఈ రెండు కార్ట్రిడ్జ్‌ల రకంలో లోపల స్పాంజి ఉంటుంది, దాంట్లో ఎంత ఇంకు ఉందో కొలిచే సాధనం లేదు. కొత్త కార్ట్రిడ్జ్ పెట్టిన దగ్గర్నుంచి ఎన్ని చుక్కలు చిమ్మిందో, హెడ్ క్లీనింగ్‌కు ఎంత పోయిందో లెక్కేసుకుని ఒక అంచనా చెబుతుంది. కంపెనీ పెట్టెలోంచి తీసి మొదటిసారి వాడేటప్పుడు ఈ అంచనా ఫరవాలేదు. మెసేజ్ వచ్చాక కూడా ఇంకా కొన్ని పేజీలు నిక్షేపంగా వస్తాయి. అప్పుడు చేయాల్సింది ఒక్కటే: సీసాలో ఇంకు ఉందో లేదో చూసుకోవడం.

ఒకసారి నింపాక మాత్రం ఆ లెక్క చెల్లదు. మీరు ఇంకు పోసిన సంగతి ప్రింటర్‌కు తెలియదు కదా. హెచ్‌పీలో ఖాళీ అనే చూపిస్తూ ఉంటుంది, ఓకే నొక్కి ముందుకెళ్లిపోవచ్చు. క్యానన్‌లో అయితే చిన్న డిస్‌ప్లేలో ఈ13 గానీ ఈ16 గానీ కనిపిస్తుంది. స్టాప్ బటన్‌ను ఐదు సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే ఆ కార్ట్రిడ్జ్‌కు ఇంకు లెక్కించడం మానేసి ప్రింట్ ఇస్తుంది. అక్కడినుంచి ఇంకు చూసుకునే బాధ్యత మీదే. టెన్షన్ పడాల్సిందేమీ లేదు, కింద చెప్పే పరీక్షలన్నీ అందుకే.

పేజీల లెక్క పెట్టుకుందామనుకునేవాళ్లు కూడా ఉంటారు. హెచ్‌పీ 680 నలుపు సుమారు 480 పేజీలు, రంగులది సుమారు 150 పేజీలు అని కంపెనీ చెబుతుంది. ఆ లెక్క పేజీలో అక్కడక్కడ అక్షరాలున్న కాగితాలకు. మీ అబ్బాయి పేజీ నిండా నల్లటి ఆకాశం పెట్టి సౌరకుటుంబం ప్రింట్ తీస్తే ఆ ఒక్క పేజీయే ఎన్నో మామూలు పేజీల ఇంకు తాగేస్తుంది. ఇళ్లలో పేజీల లెక్క ఎందుకూ పనికిరాదు.

మూడో పని: కాగితం మీద గుర్తులు చదవండి

ఇంకు తగ్గేటప్పుడు ఒక వరుసలో జరుగుతుంది. మొదట నలుపు కాస్త బూడిద రంగులోకి దిగుతుంది. పేజీ పైభాగంలో అక్షరాలు ముదురుగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ పలచబడతాయి. తర్వాత నిండు రంగు ఉన్న చోట సన్నటి తెల్ల చారలు. ఆపైన అక్షరాల్లో సగం ఎగిరిపోవడం. మొదటి దశలోనే నింపాలి. రెండో దశలో నింపినా కొంప మునగదు. మూడో దశ దాకా వచ్చిందంటే కొన్ని రంధ్రాలు అప్పటికే ఎండు మీద నడుస్తున్నాయి. ప్రింట్ మధ్యలో అలా కనిపిస్తే మిగతా పేజీలు పూర్తి కానివ్వాలని చూడకుండా అక్కడికక్కడే క్యాన్సిల్ చేసేయండి.

రంగుల కార్ట్రిడ్జ్‌తో ఇబ్బంది ఏంటంటే, లోపల మూడు గదులుంటాయి, మూడూ ఒకేసారి అయిపోవు. ఏది అయిపోయిందో తెలుసుకోవడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి జాతీయ జెండా బొమ్మ. అరచేతి సైజులో ఒక్కటి ప్రింట్ తీయండి. కాషాయం రావాలంటే మజెంటా (ముదురు గులాబీ రంగు), పసుపు కలవాలి. ఆకుపచ్చకు లేత నీలం, పసుపు కావాలి. అశోక చక్రానికి లేత నీలం, మజెంటా. ఇప్పుడు చూడండి: కాషాయం పసుపుగా వచ్చి, చక్రం ఆకాశనీలంగా కనిపిస్తే మజెంటా లేదు. ఆకుపచ్చ నీలంగా, కాషాయం గులాబీగా వస్తే పసుపు లేదు. కాషాయం బాగానే ఉండి ఆకుపచ్చ పసుపుగా మారితే లేత నీలం అయిపోయింది. ఆగస్టు 15 ముందు రోజు స్కూలుకు జెండా ప్రింట్ తీస్తే రంగులు తప్పి వచ్చి తిట్టుకునే బదులు, ఇదే బొమ్మను ఒక ఫైల్‌గా దాచుకుని వారానికోసారి వాడుకోవచ్చు. తీసిన ప్రతిసారీ పక్కన తేదీ రాసి ఒక క్లిప్‌కు పెట్టండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే, విడిగా చూసినప్పుడు కంటికి ఆనని తేడా కూడా తెలిసిపోతుంది.

మనుషుల ఫొటోలు కూడా బాగానే పట్టిస్తాయి. ముఖాలు పచ్చగా పాలిపోయినట్టు ఉంటే మజెంటా తక్కువ, ఊదాగా ఉంటే పసుపు తక్కువ.

ఇంకో చిన్న మోసం ఉంది. నల్ల అక్షరాలు నల్లగానే వస్తున్నాయి, కానీ అంచుల్లో కొంచెం గోధుమ రంగో ఆకుపచ్చో తొంగిచూస్తోంది. అంటే ప్రింటర్ మూడు రంగులు కలిపి నలుపు తయారుచేస్తోంది. నల్ల కార్ట్రిడ్జ్ తీసేసినా, సెట్టింగ్స్‌లో రంగులది మాత్రమే వాడమని ఉన్నా అలా చేస్తుంది. అప్పుడు నలుపు బాగానే ఉందని మీరు నిశ్చింతగా ఉంటారు, రంగులు చాపకింద నీరులా అయిపోతుంటాయి. రోజూ వర్క్‌షీట్లే తీసేవాళ్లు గ్రేస్కేల్‌లో 'బ్లాక్ ఇంక్ ఓన్లీ' ఎంచుకుంటే ఈ గొడవ ఉండదు.

నాలుగో పని: ఇంకు అయిపోయిందా, అడ్డుపడిందా తేల్చండి

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. గీతలు కనిపించగానే ఇంకు లేదనుకుని నింపేస్తారు. నిజానికి ఇంకు నిండా ఉండి రంధ్రాలు ఎండిపోయి ఉండొచ్చు. బెంగళూరులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గాలి పొడిగా ఉంటుంది. రెండు వారాలు వాడకుండా ఉంచిన ప్రింటర్ ఆ రోజుల్లో తొందరగా మొరాయిస్తుంది. అలాంటప్పుడు నిండిన కార్ట్రిడ్జ్‌లో మళ్లీ పోస్తే పైనుంచి పొంగడం తప్ప లాభం లేదు.

నాజిల్ చెక్ పేజీ తీయండి, అంటే హెడ్ రంధ్రాలన్నీ ఇంకు చిమ్ముతున్నాయో లేదో చూపే పేజీ. ఎప్సన్, క్యానన్‌లో కంప్యూటర్‌లోని ప్రింటర్ ప్రిఫరెన్సెస్‌లో మెయింటెనెన్స్ ట్యాబ్ కింద ఉంటుంది. హెచ్‌పీలో వాళ్ల యాప్‌లో ప్రింట్ క్వాలిటీ టూల్స్ అని చూడండి. సన్నటి గీతలతో ఒక పేజీ వస్తుంది. వెంటనే ఇంకో పేజీ తీసి రెండూ వెలుతురులో పక్కపక్కన పెట్టండి.

రెండు పేజీల్లోనూ ఖాళీలు అచ్చంగా ఒకే చోట ఉంటే ఆ రంధ్రాలు మూసుకుపోయాయి, లేదా కాలిపోయాయి. ఒకసారి హెడ్ క్లీనింగ్ చేసి మళ్లీ తీయండి. ఖాళీలు తగ్గితే ఎండిన ఇంకు అడ్డం, కదలకపోతే కాలిపోయి ఉండొచ్చు. అలా కాక రెండో పేజీలో ఖాళీలు పెరిగినా, చోటు మారినా ఇంకు అందడం లేదని అర్థం.

అనుమానం ఇంకా తీరకపోతే ప్రింటర్‌ను ఒక గంట అలా వదిలేయండి. స్పాంజిలో అంచులకు మిగిలిన ఇంకు ఆ గంటలో మెల్లగా హెడ్ దగ్గరికి దిగుతుంది. గంట తర్వాత తీసిన మొదటి పేజీ చక్కగా వచ్చి, రెండో మూడో పేజీకే మళ్లీ వెలిసిపోతే ఇంక సందేహం అక్కర్లేదు. నింపాల్సిన సమయం అదే. ఆ మొదటి పేజీ బాగా వచ్చిందని సంబరపడి ఇంకో పది పేజీలు కొట్టేయకండి.

క్లీనింగ్ బటన్‌ను వరసపెట్టి నొక్కడం మాత్రం వద్దు. ప్రతి క్లీనింగ్‌కూ ఇంకు పోతుంది, పోయిన ఇంకు ప్రింటర్ అడుగున ఒక దూదిలాంటి ప్యాడ్‌లో చేరుతుంది. అది నిండితే ప్రింటర్ మొత్తానికే ఆగిపోతుంది. ఒకటి రెండుసార్లు చేసినా బాగుపడకపోతే ఆపేసి తర్వాతి పరీక్షకు వెళ్లండి.

ఐదో పని: టిష్యూ పరీక్ష

సదర్ పత్రప్ప రోడ్‌లో, అంటే మనం ఎస్పీ రోడ్ అనే చోట, రీఫిల్ షాపులో కార్ట్రిడ్జ్ చేతికివ్వగానే ముందు చేసే పని ఇదే. ఇంట్లోనూ చేసుకోవచ్చు.

తెల్లటి టిష్యూను నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పరవండి. కింద పాత న్యూస్‌పేపర్ వేయండి, లేకపోతే మరక పోదు. కార్ట్రిడ్జ్‌ను నిలువుగా పట్టుకుని అడుగున ఉన్న పట్టీని టిష్యూకు ఆనించి మూడు సెకన్లు మెత్తగా నొక్కండి. రుద్దొద్దు, నొక్కి పైకెత్తండి, అంతే. రాగి చుక్కలకు వేలు తగలనీయొద్దు.

నలుపులో ముదురు గీత పడి, చుట్టూ తడి వ్యాపిస్తే ఇంకు ఉంది. గీత సన్నగా, బూడిదగా పడి వెంటనే ఆరిపోతే స్పాంజి ఆఖరుకు వచ్చింది. అసలేమీ పడకపోతే వెంటనే నిర్ణయానికి రావద్దు. ఇంకో టిష్యూను గోరువెచ్చటి నీళ్లలో తడిపి పిండి, దాని మీద కార్ట్రిడ్జ్‌ను రెండు నిమిషాలు నిలబెట్టండి. ఎండిన ఇంకు అడ్డుపడి ఉంటే ఆ తడికి కరిగి ఒక్కసారి ముదురుగా దిగుతుంది. అప్పుడు నింపడం అక్కర్లేదు, తుడిచి పెట్టుకోవడమే.

రంగులదైతే మూడు గీతలు విడివిడిగా పడాలి. రెండు పడి ఒకటి పడకపోతే ఆ ఒక్క గదే నింపండి. మూడూ నింపేద్దాం పనిలో పని అనుకుంటే నిండి ఉన్న రెండు గదులూ పొంగుతాయి. గీతల మధ్య రంగులు కలిసి బురదగా పడితే అంతకుముందు ఎవరో ఎక్కువ పోశారన్నమాట. గీతలు మళ్లీ శుభ్రంగా విడిపోయేదాకా టిష్యూ మారుస్తూ అద్దుతూ ఉండాలి.

ఆరో పని: బరువు చూసుకోండి

నా లెక్కలో అన్నిటికన్నా నమ్మదగ్గది ఇదే, ఎవరూ చేయనిదీ ఇదే. గ్యాస్ సిలిండర్‌ను కొంచెం ఎత్తి ఊపి ఎంతుందో చెప్పే అలవాటు మనకు ఎలాగూ ఉంది. కాకపోతే కార్ట్రిడ్జ్‌లో ఉండేదే కొన్ని మిల్లీలీటర్ల ఇంకు, చేతికి తెలియదు. గ్రాములో పదో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. వంటింటి కాటా ఉన్నా కొంతవరకు పనికొస్తుంది.

కొత్త కార్ట్రిడ్జ్ ప్లాస్టిక్ టేపు తీసి ప్రింటర్‌లో పెట్టే ముందు తూచి, ఆ అంకెను చిన్న స్టిక్కర్ మీద రాసి ప్రింటర్ మూత లోపలి వైపు అతికించండి. తర్వాత మొదటిసారి పేజీ పలచబడినప్పుడు మళ్లీ తూచి రాయండి. మొదటిది నిండు బరువు, రెండోది 'ఇంక చాలు' బరువు. ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి గ్రాము అంటే దాదాపు మిల్లీలీటరు అనుకోవచ్చు. రెంటి మధ్య తేడా ఎంతుందో అంతకన్నా కొంచెం తక్కువే సిరంజితో పోయాలి. అంటే ఎప్పుడు నింపాలో, ఎంత నింపాలో రెండూ ఒకే స్టిక్కర్ చెప్పేస్తుంది. రెండోసారి నుంచి పేజీ వెలిసేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. 'ఇంక చాలు' బరువుకు ఒక గ్రాము పైన ఉండగానే నింపేయండి.

రంగుల కార్ట్రిడ్జ్‌కు ఇది సగమే పనిచేస్తుంది. మొత్తం ఎంత తగ్గిందో తెలుస్తుంది గానీ ఏ గదిలో తగ్గిందో తెలియదు. దానికి జెండా, టిష్యూలే దిక్కు.

ఏడో పని: రోజు, వేళ చూసి నింపండి

స్పాంజి ఎండిపోకముందే నింపాలన్నది ఒక కారణానికి. కొంచెం తడి మిగిలిన స్పాంజి కొత్త ఇంకును సులువుగా పీల్చుకుంటుంది. పూర్తిగా ఎండితే మధ్యలో గాలి బుడగలు చిక్కుకుని, పైన ఇంకు కనిపిస్తున్నా కిందికి దిగదు. అందుకే గుర్తు కనిపించిన రోజో మర్నాడో నింపడం మంచిది. వచ్చే ఆదివారం చూద్దాంలే అని ఖాళీ కార్ట్రిడ్జ్‌ను బయట బల్ల మీద పెట్టి వదిలేస్తే హెడ్ మీద ఇంకు గట్టిపడుతుంది.

రేపు ప్రాజెక్టు ఇవ్వాలంటే ఈ రాత్రి పదింటికి నింపకండి. నింపాక ఇంకు సర్దుకోవడానికి కొన్ని గంటలు కావాలి. ఆ తొందరలో గీతలు పడితే క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టి ఉన్న ఇంకు కాస్తా పారబోసుకుంటారు. నలుపు అయిపోయి అత్యవసరమైతే, చాలా హెచ్‌పీ మోడళ్లలో నల్ల కార్ట్రిడ్జ్ తీసేస్తే రంగులదాంతోనే పేజీ వస్తుంది. క్యానన్‌లో తీయకుండానే ఇంక్ కార్ట్రిడ్జ్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. ఆ పూటకు గడిపేసి మర్నాడు తీరిగ్గా నింపండి.

సంక్రాంతికో దసరాకో ఊరెళ్లే ముందు ఒకసారి జెండా ప్రింట్ తీసి చూడండి. తగ్గినట్టుంటే వెళ్లడానికి రెండు రోజుల ముందే నింపి, నాలుగు పేజీలు తీసి, కార్ట్రిడ్జ్‌లను ప్రింటర్‌లోనే ఉంచి వెళ్లండి. ఆపేటప్పుడు ప్రింటర్ మీద ఉన్న బటన్‌తోనే ఆపాలి. అలా ఆపితేనే హెడ్ పక్కకు వెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. గోడ స్విచ్ తీసేస్తే మధ్యలోనే ఆగి, గాలి తగిలి ఎండుతుంది. కరెంటు పోయినా అదే గతి. ప్రింట్ మధ్యలో కరెంటు పోతే, వచ్చాక ఒకసారి ఆన్ చేసి బటన్‌తో ఆపండి. అంతసేపు ఎందుకులే అనిపిస్తుంది గానీ ఎండిపోయిన హెడ్ ముందు ఇది ఎంతపని.

నింపేటప్పుడు

ఇది చాలాచోట్ల దొరుకుతుంది కాబట్టి ముఖ్యమైనవే చెబుతాను. నలుపుకు ఏ ఇంకు పడితే అది పోయకండి. ఇలాంటి కార్ట్రిడ్జ్‌లలో నలుపు చాలావరకు పిగ్మెంట్ రకం (నీళ్లలో కరగని సన్నటి రంగు పొడి), రంగులు డై రకం (నీళ్లలో కరిగే రంగు). క్యానన్ పీజీలో పోయాల్సింది పిగ్మెంట్ ఇంకే. డై నలుపు పోస్తే అక్షరాల అంచులు పాకుతాయి, నీటి చుక్క పడితే కరిగిపోతాయి. సీసా మీద మీ కార్ట్రిడ్జ్ నంబరు ఉందో లేదో చూసి, సీలు ఉన్నదే తీసుకోండి.

పై స్టిక్కర్ తీస్తే చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. రంగులదాంట్లో ఏది ఏ రంగో మోడల్‌ను బట్టి మారుతుంది, వీడియోలో చూసింది మీదానికి సరిపోతుందని నమ్మకండి. ఒక్కో రంధ్రంలో కొత్త టూత్‌పిక్ గుచ్చి తీస్తే కొసన రంగు తెలుస్తుంది. సూదిని స్పాంజిలోకి దించండి, అడుగు తగిలేదాకా పొడవొద్దు. చాలా నెమ్మదిగా నొక్కండి. రంధ్రం దగ్గర ఇంకు తేలిందంటే అప్పటికే ఎక్కువైంది, సిరంజితో కాస్త వెనక్కి లాగేయండి. తర్వాత టిష్యూ మీద అద్ది, గీతలు విడిగా పడుతున్నాయని చూసి, స్టిక్కర్ తిరిగి వేయండి. లోపలికి గాలి వెళ్లడానికి పైన ఉన్న సన్నటి గాడిని టేపుతో బిగించేస్తే మాత్రం ఇంకు కిందికి రాదు.

ప్రింటర్ వారంటీలో ఉంటే దాని షరతులు ఒకసారి చదివి మొదలుపెట్టండి. రీఫిల్ వల్ల జరిగిన నష్టానికి కంపెనీలు సాధారణంగా బాధ్యత తీసుకోవు.

ట్యాంక్ ప్రింటర్ ఉన్నవాళ్లకు

ట్యాంక్ మీద కింద ఒక గీత ఉంటుంది. ఇంకు దానికి దిగకముందే పోయాలి, అంతకన్నా చెప్పేదేం లేదు. గీత దాటి ఖాళీ అయితే పైపుల్లోకి గాలి వెళ్తుంది, దాన్ని బయటికి రప్పించడానికి బోలెడు ఇంకు పోతుంది. ట్యాంక్‌లో ఎంతుందో మెషిన్ చెప్పేది చాలా మోడళ్లలో అంచనాయే, కంటితో చూడటమే మేలు. సీసా నంబరు ఒక్కటి సరిచూసుకోండి. ఎప్సన్ ఎల్3110కి 003, పాత ఎల్380కి 664. ఎప్సన్ హెడ్ వేడితో కాక స్ఫటికం వంగడంతో పనిచేస్తుంది, అది మెషిన్‌లోనే ఉంటుంది. దాని రిపేరుకు ప్రింటర్ ధరలో పెద్ద భాగమే పోతుంది. గీతలు పడుతుంటే రెండుసార్లు క్లీనింగ్ చేసి, తగ్గకపోతే ఓ రాత్రంతా ఆపి ఉంచి పొద్దున మళ్లీ చూడండి.

ఎప్సన్‌లో విడి కార్ట్రిడ్జ్‌ల రకం ఉన్నవాళ్లది వేరే కథ. అక్కడ కార్ట్రిడ్జ్ మీద ఇంకు లెక్క ఉంచుకునే చిప్ ఒకటుంటుంది, ఆ లెక్క పూర్తికాగానే లోపల కొంచెం ఇంకు ఉన్నా ప్రింటర్ ఆగిపోతుంది. ఇంకు పోస్తే సరిపోదు, చిప్ రీసెట్ అవ్వాలి. తనంతట తానే రీసెట్ అయ్యే చిప్ ఉన్న కార్ట్రిడ్జ్‌లు మార్కెట్లో దొరుకుతాయి.

నింపకూడనిది ఎప్పుడు

ఇంకు నిండా ఉండి, టిష్యూ మీద గీత ముదురుగా పడుతూ, నాజిల్ చెక్‌లో మాత్రం ఒకే చోట పెద్ద ముక్క ఎప్పుడూ ఖాళీగా వస్తుంటే ఆ కార్ట్రిడ్జ్ పని అయిపోయింది. రాగి చుక్కలను మెత్తటి బట్టతో తుడిచి పెట్టినా క్యానన్‌లో ఈ04, ఈ05 పోకపోతే, హెచ్‌పీలో కార్ట్రిడ్జ్ సమస్య అనే మెసేజ్ వదలకపోతే అదీ అంతే. అడుగునుంచి ఇంకు కారుతూనే ఉంటే, లేదా నెలల తరబడి ఎండిపోయి వెచ్చటి తడి టిష్యూకు కూడా కదలకపోతే ఇంకు దండగ. కొందరికి రెండుసార్లకే హెడ్ పోతుంది, జాగ్రత్తగా ఎండకముందే నింపుకునేవాళ్లకు ఇంకొన్నాళ్లు ఎక్కువే వస్తుంది. ఎన్నిసార్లని ముందే గీత గీసి చెప్పలేం, నాజిల్ చెక్ పేజీయే చెప్పాలి.

పోయినదాన్ని ఇంటి చెత్తలో వేయకండి. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల జాబితాలో ప్రింటర్లతో పాటు కార్ట్రిడ్జ్‌లు కూడా ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లో కట్టి, పాత ఛార్జర్లు, బ్యాటరీలతో కలిపి ఉంచితే మీ అపార్ట్‌మెంట్‌కు ఈ-వేస్ట్ తీసుకెళ్లేవాళ్లు వచ్చినప్పుడు ఇచ్చేయొచ్చు.